బుల్లి ప్లాను నా నోట

మా క్లాసులో అందరూ నన్ను పిన్ని అంటారు. ఆఫీసు గుమాస్తా కూడా, "పిన్నిగారూ, మీ ఫీజు రసీదు తీసుకెళ్ళండి" అంటాడు. ఆయనకు మా నాన్న వయసు ఉంటుంది. నాకేమో ఇంకా పెళ్ళయినా కాలేదు. ఈ ఘనకార్యం మా బుల్లిది. చేరిన మొదటి రోజున, నిండు క్లాసులో చెయ్యి ఊపుతూ, "పిన్నీ, ఇక్కడ ఖాళీ ఉంది, రా!" అని అరిచింది. అంతే, నా అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

బుల్లి మా అక్క కూతురు. నాకంటే కొన్ని నెలలు పెద్దది. అవునండీ, పెద్దది అదే, చిన్నదాన్ని నేను. పెద్ద కూతురికి కాన్పయిన ఏడాదే తనకూ కాన్పు రావడం మా అమ్మకు తలవంపులుగా తోచిందట. ఇంటికి ఎవరైనా వస్తే పొట్ట కనపడకుండా మనవరాలిని ఎత్తుకుని కూర్చునేదట. ఈ సంగతి మా అక్క వచ్చిన ప్రతివాళ్ళకూ నవ్వుతూ చెబుతుంది. అందరూ పగలబడి నవ్వుతారు. నాకు మాత్రం ఇంతవరకూ నవ్వు రాలేదు. నేను భూమ్మీద పడేసరికే అమ్మ ఒళ్ళో చోటు నిండిపోయి ఉంది, అందులో నవ్వడానికి ఏముందో నాకు తెలీదు.

నాన్న పోయాక అమ్మా నేనూ అక్కావాళ్ళింటికి వచ్చేశాం. అంటే బుల్లి ఇంటికి. బావ మంచివాడే. "ఇది మీ ఇల్లే అనుకోండి" అంటాడు. అనుకోమన్నారంటేనే కాదని కదా అర్థం. బుల్లి గదిలో నాకో మంచం వేశారు. బుల్లికి పొట్టివైపోయిన చొక్కాలు నాకు సరిపోతాయి, అది తాడెత్తు మనిషి కనక. పొద్దున్నే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్తూ అడిగే మొదటి మాట, "బుల్లి లేచిందా?" దాని పక్క మంచం మీద నేను కళ్ళు తెరుచుకుని ఉంటాను. నేను లేచానా అని అడగదు. వాన పడుతుంటే గొడుగు పట్టుకుని బస్టాపు దాకా ఎదురొస్తుంది. వచ్చి దాన్ని బుల్లి తలమీదే పట్టుకుంటుంది. ఆ గొడుగు అంచు కింద మిగిలిన చోట్లో నా భుజం ఒకటి ఇరికించుకుంటాను. ఇంటికి వచ్చాక తువ్వాలు ముందు దానికి, తర్వాత నాకు. అప్పటికి తువ్వాలు తడిసి ఉంటుంది.

కుళ్ళు అంటారా? అనండి. నేనే అంటున్నాను కదా.

మాది పట్టణ ప్రణాళిక విభాగం. వీధులు, మంచినీళ్ళు, మురుగు, బస్సులు, ఇదీ మా చదువు. ఆఖరి ఏడాదిలో అందరూ ఒక థీసిస్ రాయాలి. గైడ్లు తమ తమ టాపిక్‌లను నడవాలోని బోర్డుకు గుచ్చుతారు. మనకు కావలసిన టాపిక్ మీద ఒక చిన్న ప్లాను రాసి ఆఫీసులో ఇవ్వాలి. మా మేడమ్ ఈ ఏడాదితో రిటైరవుతున్నారు. అందుకని ఆవిడ ఒక్కటంటే ఒక్క టాపిక్ పెట్టారు: "బస్టాపులో మనుషులు ఎక్కడ నిలబడతారు, ఎందుకు?"

మేడమ్ దగ్గర థీసిస్ చేసినవాళ్ళను నగర బస్సుల ఆఫీసు కళ్ళు మూసుకుని ఉద్యోగంలోకి తీసుకుంటుంది. అది నడవాలో గోడలకు కూడా తెలుసు. నేను ఆ కాగితం ముందు నిలబడి అప్పటికప్పుడు లెక్కలు వేసేసుకున్నాను. ఉద్యోగం వస్తుంది. చిన్నదైనా సరే నాదంటూ ఒక ఇల్లు తీసుకుంటాను. అమ్మను తీసుకెళ్ళిపోతాను. ఆ ఇంట్లో బుల్లి ఉండదు. పొద్దున్నే లేచి అమ్మ నన్నే పిలవాలి, పిలవడానికి ఇంకెవరూ ఉండరు కనక. మిగతావాళ్ళకు ఆ టాపిక్ ఒక థీసిస్. నాకు మా అమ్మ.

ఇంట్లో ఎవరికీ చెప్పకుండా లైబ్రరీలో కూర్చుని ప్లాను రాశాను. ఎంత జాగ్రత్తపడ్డానంటే, బుల్లి అటుగా వస్తే మోచేత్తో కప్పేసేదాన్ని. రాయడం అయ్యాక ఆఫీసుకు పట్టుకెళ్ళి గుమాస్తా చేతిలో పెట్టాను. ఆయన చదివి ముసిముసిగా నవ్వాడు.

"ఏంటండీ నవ్వుతున్నారు?"

"ఏం లేదు పిన్నిగారూ. ఇందాకే మీ బుల్లి కూడా ఇదే టాపిక్‌కి ఇచ్చి వెళ్ళింది. మీ ఇద్దరూ ఇంట్లో మాట్లాడుకోరా ఏంటి?"

దేవుడా, ఇంతపెద్ద బోర్డులో దానికి ఇదే దొరికిందా?

ఆ సాయంత్రం గదిలో బట్టలు మడతపెడుతూ నేనే కదిపాను.

"మేడమ్ టాపిక్‌కి నువ్వూ ఇచ్చావటగా?"

"నువ్వూ ఇచ్చావా?" బుల్లి ముఖం వెలిగిపోయింది. "అబ్బ, భలే! అయితే మనిద్దరికీ మార్పిడి పెడతారన్నమాట. సరదాగా ఉంటుంది పిన్నీ!"

సరదా! నా బతుకు దానికి సరదా.

"నీకెందుకే ఆ టాపిక్? నీకు బోలెడున్నాయి కదా."

"ఏమో, బాగుందనిపించింది. అయినా నువ్వు డ్రైనేజీ సారు దగ్గర చేస్తావనుకున్నానే. నీకు డ్రైనేజీ ఇష్టం కదా?"

"ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పారు" అంది బుల్లి, ఆవులిస్తూ.

నాకు డ్రైనేజీ ఇష్టమట. ఒకే గదిలో పడుకుంటాం, ఒకే బస్సులో పోతాం, ఒకే బెంచీలో కూర్చుంటాం. నాకు మురుగుకాలవలంటే ఇష్టమని ఎవరో చెబితే నమ్మేసిందట. నేను మడతపెట్టిన బట్టలే మళ్ళీ విప్పి మడతపెట్టాను, నోరు జారకుండా ఉండడానికి.

మార్పిడి అంటే ఏమిటో చెప్పాలి. ఇంకే విభాగంలోనూ లేదు, మా మేడమ్ పెట్టిన పద్ధతి ఇది. ఒకే టాపిక్‌కి ఇద్దరు పడితే, ఇద్దరి ప్లానులూ తారుమారు చేసి ఇస్తారు. నా ప్లాను అవతలివాళ్ళు, వాళ్ళ ప్లాను నేను, మొత్తం విభాగం ముందు నిలబడి, అది తమదే అన్నట్టుగా వివరించాలి. ప్రశ్నలకు రాసినవాళ్ళు ఏం చెబుతారో అదే చెప్పాలి. ఎదుటివాళ్ళ ప్లానును ఎవరు బాగా చెబితే టాపిక్ వాళ్ళది. "పక్కవాళ్ళ బుర్రలో ఏముందో పట్టుకోలేనివాళ్ళు ఊరికి ఏం ప్లాను గీస్తారు?" అంటారు మేడమ్. అవతలివాళ్ళది చెత్తగా చెబితే మునిగేది మనమే. కాబట్టి అక్కడ కుట్రలు సాగవు. నేను మొదట ఆలోచించింది ఆ కుట్రల గురించే కనక ఈ సంగతి నాకు రూఢిగా తెలుసు.

గుమాస్తా బుల్లి ప్లాను నా చేతికిచ్చాడు. తెచ్చుకుని మెట్ల మీద కూర్చుని చదివాను. చదువుతున్నకొద్దీ ఒళ్ళు మండింది. బాగుంది. ఛీ, నిజంగానే బాగుంది. బస్టాపు పటం ఒకటి గీసింది. జనం ఎక్కడెక్కడ నిలబడుతున్నారో పూటపూటకూ చుక్కలు పెట్టింది. రోడ్డుకు ఆనుకుని ఉన్న అంచు దగ్గర చుక్కలు తేనెటీగల్లా మూగి ఉన్నాయి. అక్కడి నుంచి మొదలుపెట్టి వెనక్కి వస్తుంది దాని ప్లాను. గీతలు ఎంత ముచ్చటగా ఉన్నాయంటే, నా ప్లాను గుర్తొచ్చి సిగ్గేసింది. నాది పటాలు లేని పీనాసి ప్లాను. నేను స్టాపులో ఉన్నవాళ్ళను ముట్టుకోనేలేదు. స్టాపుకు కాస్త ఎడంగా, వెనక గోడను ఆనుకుని నిలబడేవాళ్ళున్నారే, వాళ్ళతో మొదలుపెట్టాను. బస్సు కోసం చూస్తున్నట్టు కనపడడం ఇష్టంలేనివాళ్ళు. చెయ్యెత్తితే బస్సు ఆగకుండా పోతుందేమో, అందరూ చూస్తారేమోనని భయపడేవాళ్ళు. వాళ్ళ దగ్గరికెళ్ళి అడగాలని నా ఆలోచన.

వాళ్ళ గురించి నాకెలా తెలుసంటారా? రోజూ నేను నిలబడేది అక్కడే.

బుల్లి రోడ్డు అంచున నిలబడుతుంది. ఇంకా చెప్పాలంటే నిలబడదు, బస్సుకు ఎదురు నడుస్తుంది. బస్సు అల్లంత దూరాన ఉండగానే చెయ్యెత్తుతుంది. డ్రైవరు కూడా తన చుట్టమైనట్టు నవ్వుతుంది. బస్సు సరిగ్గా దాని ముందే ఆగుతుంది. ఎక్కి, కిటికీ పక్కన సీటు పట్టుకుని, "పిన్నీ, రా రా!" అని కేకేస్తుంది. నేను గోడ దగ్గర నుంచి పరుగెత్తుకుంటూ వెళ్ళి ఆఖర్న ఎక్కుతాను. ఇది ప్రతిరోజూ జరిగే భాగోతం.

అందుకని ఆ ప్లానును నేను కంఠతా పట్టనవసరం లేకపోయింది. ప్రతి వాక్యం వెనకా బుల్లి కనపడింది. ఇక్కడ ఈ మాట ఎందుకు వాడిందో, ఈ చుక్క ఎందుకు పెద్దదైందో, ఎక్కడ బద్ధకించి వదిలేసిందో, అన్నీ తెలుసు. దాని నడక, దాని ఆవులింత, దానికి అబద్ధం చెప్పాలనిపించినప్పుడు ఎడమచెవి గోక్కోవడం, ఏదీ నా కళ్ళు దాటిపోలేదు. పుట్టిన దగ్గర నుంచీ దాన్నే చూస్తున్నాను. ఏం లాభం, చూసి చూసి కడుపుమంట తప్ప మిగిలిందేమీ లేదని అనుకునేదాన్ని.

మార్పిడి రోజు సెమినారు గది కిటకిటలాడిపోయింది. పిన్నీ కూతురూ పోటీ అంటే ఊరుకుంటారా? జూనియర్లు కిటికీల దగ్గర కూడా నిలబడ్డారు. డ్రైనేజీ సారు ముందు వరసలో కూర్చుని, ఎప్పటిలాగే ఫ్యాను తిరగడం మొదలవగానే కళ్ళు మూశారు. మేడమ్ చిట్టచివరి వరసలో, గోడ పక్కన కూర్చున్నారు.

ముందు బుల్లిని పిలిచారు. అది లేచి వెళ్ళి, జుట్టు వెనక్కి బిగించి ముడేసుకుంది, నేను వేసుకునేట్టు. భుజాలు కుదించుకుంది. "నమస్కారం. నేను ఇప్పుడు పిన్నిని" అంది సన్నటి గొంతుతో. గది గొల్లుమంది. డ్రైనేజీ సారు ఉలిక్కిపడి లేచి, ఏమైందో తెలియకుండానే తనూ నవ్వారు. నాకు లేచి వెళ్ళిపోదామనిపించింది. నేను రాత్రీ పగలూ కూర్చుని రాసుకున్న మాటలు దాని నోట్లోంచి వస్తుంటే జనం ఆనందంగా వింటున్నారు. పీనాసిదనుకున్న నా ప్లాను దాని చేతుల్లో పడగానే ముస్తాబైపోయింది. నా ఆలోచన కూడా దానికే నప్పుతోంది, చూశారా? నేను గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను.

చప్పట్లు ఆగాక మేడమ్ అడిగారు.

"బాగా చెప్పావమ్మా. ఒక్క సంగతి. ఈ ప్లాను రాసినామె స్టాపులో నిలబడ్డవాళ్ళను పక్కన పెట్టి, వెనక గోడ దగ్గర ఉన్నవాళ్ళతో ఎందుకు మొదలుపెట్టింది?"

"నీడ కోసం మేడమ్. అక్కడ నీడుంటుందని."

"ఆ గోడకి ఏ పూటా నీడ రాదని ఇందులోనే రాసుంది."

బుల్లి కాగితం తిరగేసింది. "ఓ... అయితే రద్దీ పడదేమో మేడమ్. కొంతమంది అంతే కదా."

"ఎవరా కొంతమంది? అలా నిలబడేవాళ్ళు నీకు ఒక్కరైనా తెలుసా?"

బుల్లి ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, పైకి చూస్తూ, పెదవి కొరుకుతూ. నేను రెండో వరసలో దానికి ఎదురుగా కూర్చుని ఉన్నాను. దాని చూపు నా మీదుగానే పోయింది.

"లేరు మేడమ్" అంది. "మావాళ్ళెవరూ అలా నిలబడరు."

ఎవరూ నవ్వలేదు. అందులో నవ్వడానికి ఏమీ లేదు కదా, మామూలు జవాబు. నాకు మాత్రం చెవులు గింగుర్లెత్తాయి. ఇన్నేళ్ళుగా రోజూ ఒకే స్టాపు. నేను గోడ దగ్గర నుంచి పరుగెత్తుకు రావడం దానికి ఒక్కసారైనా కనపడలేదన్నమాట. నేను దాన్ని చూసి కుళ్ళి కుళ్ళి చస్తుంటే, అది నావైపు చూడనైనా చూడలేదు.

నన్ను పిలిచారు. నేను ఎలా లేచానో, ఎలా వెళ్ళి నిలబడ్డానో గుర్తులేదు. లోపల ఉన్నది భయం కాదు, ఉక్రోషం. ప్రొజెక్టరు వెలిగి పటం గోడమీద పడింది. నేను కాగితం చూడకుండా మొదలుపెట్టాను. నాకు జోకులు రావు, గొంతు మార్చడం రాదు. చుక్క వెంట చుక్క చెప్పుకుంటూ పోయాను.

మేడమ్ చెయ్యెత్తారు. "అంతా రోడ్డు అంచు నుంచే ఎందుకు మొదలైంది?"

"ఎందుకంటే ఇది రాసినామె అక్కడే నిలబడుతుంది మేడమ్. నిలబడడం కూడా కాదు, బస్సుకి ఎదురెళ్తుంది. కూర్చుని ఎదురుచూడడం ఆమె వల్ల కాదు. బస్సు తనని చూడడం కన్నా ముందే తను బస్సుని చూడాలి. అందుకే ఆమెకి నీడ అక్కర్లేదు, బెంచీ అక్కర్లేదు. మలుపు ఎక్కడ కనపడుతుందో అక్కడే చుక్కలన్నీ మూగాయి, చూడండి. ఆమె ప్లానులో ఆ మాట రాయలేదు. రాయాలని కూడా తట్టి ఉండదు. కానీ ఈ పటమంతా అడుగుతున్న ప్రశ్న అదే. బస్సు ముందుగా ఎవరికి కనపడుతుంది?"

మేడమ్ ముందుకు వంగారు.

"ఇందులో వానరోజు లేదేం? అన్ని పూటలూ ఉన్నాయి, వాన లేదు."

"ఆమెకి వానలో బస్టాపు తెలీదు మేడమ్. వానొస్తే ఆమెకి గొడుగు ఎదురొస్తుంది."

అందరూ నవ్వారు. నేను నవ్వించాలని అనలేదు. ఇంకా ఏవేవో అడిగారు. బెంచీని ఎందుకు చిన్నగా గీసిందని, ముసలివాళ్ళ చుక్కలు ఎందుకు వేరే రంగులో ఉన్నాయని. అన్నింటికీ చెప్పాను. వాళ్ళ అమ్మమ్మకు మోకాళ్ళ నొప్పులనీ, అందుకే ముసలివాళ్ళు ఎక్కడ కనపడినా దానికి వేరే రంగు తోస్తుందనీ చెప్పాను. చెబుతూ చెబుతూ ఒకసారి బుల్లి వైపు చూస్తే, అది నోరు తెరుచుకుని వింటోంది.

మేడమ్ లేచి ముందుకు వచ్చారు. "ఇంక ఆలోచించేదేమీ లేదు. టాపిక్ పిన్నిది" అన్నారు. ఆవిడ కూడా! "ఒక మనిషిని ఇంత శ్రద్ధగా చూడడం ఎవరూ నేర్పలేరు. దానికి మనసులో ఎంతో ఇష్టం ఉండాలి."

చప్పట్లు మోగిపోయాయి. అందరికంటే గట్టిగా కొట్టింది బుల్లి. నేను సంతోషించాలని చూశాను. ఉద్యోగం వచ్చినట్టే, ఇల్లు వచ్చినట్టే, అమ్మ వచ్చినట్టే. సంతోషం మాత్రం రాలేదు. గెలిచాను సరే, ఎవరి మీద గెలిచాను? పోటీ ఉందని కూడా తెలియనిదాని మీద.

బస్సులో బుల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నా గురించి నాకే తెలియనివన్నీ చెప్పావు కదా పిన్నీ! నాకు ఏడుపొచ్చేసింది తెలుసా? నీకు నేనంటే ఇంత ప్రేమా?"

"ప్రేమ కాదే. కుళ్ళు" అన్నాను.

అది పకపకా నవ్వింది. ముందు సీట్లో ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.

"నిజం చెబుతున్నాను. నిన్ను చూస్తే నాకు ఒళ్ళు మంట. ఇవాళ్టిది కాదు, ఊహ తెలిసినప్పట్నుంచీ."

"చాల్లే పిన్నీ, నువ్వు మరీను!" ఇంకా నవ్వుతూనే ఉంది. కళ్ళు తుడుచుకుంటోంది.

"నీ పొట్టి చొక్కాలు వేసుకోవాలంటే మంట. అందరి ముందూ పిన్నీ అని అరుస్తావే, అదంటే మంట. బస్సు నీ ముందే ఆగుతుంది, అదీ మంటే. నేను ఎక్కడ నిలబడతానో నీకు తెలుసా? గోడ దగ్గర. మీవాళ్ళెవరూ నిలబడరన్నావే, ఆ గోడ దగ్గర. రోజూ."

నవ్వు ఆగింది. "గోడ దగ్గరా?" అంది.

"అమ్మ పొద్దున్నే లేచి నిన్నడుగుతుంది. గొడుగు నీకు తెస్తుంది. తువ్వాలు నీకిస్తుంది."

"ఆవిడ నాకు అమ్మమ్మ కదా పిన్నీ" అంది మెల్లగా.

"నీకు అమ్మమ్మ. నాకు అమ్మ. నీకు అమ్మ వేరే ఉందిగా? నాకు ఎవరున్నారే?"

ఈ మాట అంత గట్టిగా అంటానని నేను అనుకోలేదు. ముందు సీటావిడ ఈసారి తిరగలేదు, మెడ బిగించుకుని కూర్చుంది. బుల్లి నా చెయ్యి వదిలేసింది. దిగేదాకా కిటికీలోంచి బయటకే చూసింది. నాకు భయం వేసింది, హాయిగానూ అనిపించింది. ఇన్నాళ్ళకు దాని నోరు మూయించాను కదా.

ఇంటికి వెళ్ళేసరికి అక్క గుమ్మంలోనే ఉంది. "ఏమైందర్రా? ఎవరికొచ్చింది?"

"పిన్నికి" అంది బుల్లి. చెప్పులు విప్పి, గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

"పోన్లే, ఇంట్లోనే ఉంది" అంది అక్క. బావ పేపరు కిందికి దించి, "శభాష్" అని మళ్ళీ ఎత్తుకున్నాడు. అమ్మ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. నేను సంచిలోంచి మేడమ్ సంతకం పెట్టిన కాగితం తీసి పట్టుకుని నిలబడ్డాను. ఇదిగో, ఇప్పుడు చూస్తుంది.

"బుల్లి ఏదీ?" అంది అమ్మ.

"లోపలుంది" అంది అక్క.

"పాపం పిచ్చిది, ఎంత ఆశపడిందో. ముఖం చిన్నబోయి ఉంటుంది" అంటూ వెనక్కి వెళ్ళి, పళ్ళెంలో అన్నం కలుపుకుని, నా పక్క నుంచే గదిలోకి వెళ్ళిపోయింది. ఆవిడ కొంగు నా చేతిలో కాగితానికి తగిలింది. కాగితం వైపు చూడలేదు.

గెలిచింది నేను, బుజ్జగింపు దానికి. ఓడిపోయినా అమ్మ దానిదే. ఆ కాగితం అక్కడే చించి పారేద్దామన్నంత కోపం వచ్చింది. ఏ ఉద్యోగం చేసి, ఏ ఇల్లు తీసుకుంటే మాత్రం ఏం? ఆ ఇంట్లో కూడా లేవగానే, "బుల్లి ఎలా ఉందో" అనే అంటుంది ఈవిడ.

లోపలి నుంచి మాటలు వినపడ్డాయి.

"నాకొద్దు అమ్మమ్మా. ఇది పిన్నికి పెట్టు."

"దానికేమే, దానికొచ్చిందిగా. నువ్వు తిను."

"వచ్చింది కాబట్టే వెళ్ళు. వెళ్ళి ఏదైనా ఒక మంచిమాట చెప్పు. నువ్వు పిన్నిని అసలు చూడవు. నేనూ చూడను. పద, లే."

తలుపు తెరుచుకుంది. బుల్లి రెండు చేతులతో అమ్మ భుజాలు పట్టుకుని మెల్లగా బయటకు తోసింది. దాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అమ్మ పళ్ళెం పట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది, కొత్తవాళ్ళింటికి వచ్చినట్టు. నాతో ఒంటరిగా మాట్లాడి ఎన్నాళ్ళైందో ఇద్దరికీ తెలీదు.

"నీకే వచ్చిందట కదే" అంది చివరికి.

"ఊఁ."

"మంచిదే మరి." వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది, తర్వాత ఏం చెయ్యాలో అడుగుతున్నట్టు. అక్కడ సందులోంచి బుల్లి, చెయ్యి తన తలమీద పెట్టుకుని చూపించింది, ఇలా, ఇలా చెయ్యి అని. అమ్మకు అర్థమైంది. పళ్ళెం ఎడం చేతిలోకి మార్చుకుని, కుడిచేతి వెనక భాగంతో నా తల నిమిరింది.

వెచ్చగా ఉంది ఆ చెయ్యి. ఎంత బాగుందో చెప్పలేను. అంత బాగున్నందుకే ఒళ్ళంతా భగ్గుమంది. ఇది కూడా బుల్లే ఇచ్చింది. మా అమ్మను నాకు అది దానం చేసింది, నేను చూస్తుండగా, తలుపు సందులోంచి. ఆ చెయ్యి విదిలించి కొట్టాలనిపించింది. నీ దయ నాకక్కర్లేదే అని ఇల్లదిరేట్టు అరవాలనిపించింది.

అరిస్తే అమ్మ చెయ్యి తీసేస్తుంది. నేను తల ఇంకొంచెం వంచాను, ఆవిడకు అందేట్టు.